బయలుకి వెళ్లే ముందు

మన్యంలో బయలు అంటే కొండ మీద చెట్లు పలచబడి గడ్డి పరుచుకున్న చోటు. ఎక్కి ఎక్కి ఆయాసం వచ్చాక ఒక్కసారిగా చుట్టూ తెరుచుకునే నేల అది. అక్కడ మన పశువులు మేస్తాయి. ఇంటి కప్పుకి గడ్డి అక్కడి నుంచే తెచ్చుకున్నాం. రెండు ఊళ్ల మధ్య పొలిమేర రాయి చాలాసార్లు అక్కడే ఉంటుంది. కొన్నిచోట్ల ఏడాదికోసారి కోడిని కోసే రాయి కూడా అక్కడే ఉంటుంది. పట్నం నుంచి వచ్చేవాళ్లు దాన్ని వ్యూ పాయింట్ అంటున్నారు. ఈ మధ్య మన పిల్లలు కూడా అదే మాట అంటున్నారు.

మాట మారితే ఏం పోయింది అనిపించవచ్చు. మేతబీడు అన్నప్పుడు అది ఎవరిదో ఒకరిది. వ్యూ పాయింట్ అన్నప్పుడు అది ఎవరిదీ కాదు, చూసేవాడిది. అందుకే బడి పిల్లల్ని కొండ మీది బయలుకి నడిపించుకుని వెళ్లాలనుకునే ఉపాధ్యాయులకీ, స్నేహితులతో వెళ్లాలనుకునే యువతకీ ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఏం కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నది చివర చెప్తాం. దానికి ముందు ఆ దారి ఎలా వచ్చిందో, దాని మీద ఎవరు ఏం మోశారో తెలుసుకోవాలి. మేం తీసుకున్న ఉదాహరణ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే కొండదారి, దాని చుట్టూ ఉన్న గూడెం కొండలు.

పేరులో ఏముంది

లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న ఊరు. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. కొర్ర అంటే కర్ర, రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడు, అందుకే కొర్రబయలు అన్నారు అని వచ్చినవాళ్లందరికీ చెప్తారు. పత్రికల్లోనూ ఇదే వస్తుంది. వినడానికి బాగుంటుంది.

కానీ మన ఇళ్లలో కొర్ర అనే మాటకి ఇంకా అర్థాలున్నాయి. కొర్ర మన పంట. కొత్త కొర్రలు వచ్చినప్పుడు ముందు దేవుడికి పెట్టి, తర్వాతే మనం తినే కొత్త పండుగ ఉంది. కొర్ర మన ఇంటిపేరు కూడా. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము అయినట్టే కొర్ర అంటే సూర్యుడని పెద్దలు చెప్తారు. పాడేరు, అరకు వైపు ఏ బడి హాజరు పట్టీ తెరిచినా కొర్ర ఇంటిపేరు కనబడుతుంది. 1900లో విశాఖ ఏజెన్సీలో వేలమందిని కూడగట్టి, పోలీసు కాల్పులు ఎదుర్కొన్న కొండదొర పేరు కొర్ర మల్లయ్య.

అప్పుడు కొర్రబయలు అంటే చలికి బిగుసుకుపోయే చోటా, కొర్రలు పండిన బయలా, కొర్ర వంశం వాళ్ల బయలా? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టాలి. ఇంటికి వెళ్లి తాతనీ అవ్వనీ అడిగి రమ్మనాలి. మొదటి అర్థంలో ఆ చోట మనుషులు లేరు, చలి మాత్రమే ఉంది. మిగిలిన రెండు అర్థాల్లో దున్నినవాళ్లు ఉన్నారు, వంశం ఉంది. ఒక చోటికి పేరు ఎవరు వివరిస్తున్నారన్నది చిన్న సంగతి కాదు. వివరించేవాడు లోపలివాడైతే మనుషులు కనబడతారు, బయటివాడైతే వాతావరణం కనబడుతుంది.

రోడ్డుకి ముందు దారి

తారు రోడ్డు రాకముందు కొండల్లో దారులు లేవనుకోకూడదు. సంత దారి ఉండేది. పసుపు, చింతపండు, అడ్డాకులు, తేనె కావడి కట్టుకుని దిగి, ఉప్పు, ఎండుచేప, బట్ట మోసుకుని ఎక్కేవారు. పెళ్లి సంబంధాల దారి ఉండేది. పశువుల దారి వేరుగా ఉండేది, ఎందుకంటే ఎద్దు నిట్టనిలువు ఎక్కదు, వంపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఈ దారులన్నీ గెడ్డ దాటే చోటా, ఊట దగ్గరా, బయలు మీదా కలుస్తాయి. ఊట ఉన్న చోటే మనిషి ఆగుతాడు, ఆగిన చోటే బరువు దించుకుంటాడు. ఇవాళ పట్నం వాళ్లు ట్రెక్కింగ్ మొదలుపెట్టే చోట్లు ఎక్కువగా ఇలాంటి బరువు దించుకునే చోట్లే.

ఈ దారుల మీదనే దొరల పెత్తనం నడిచేది. గూడెం కొండలు గొలుగొండ జమీందారీలో భాగం. 1837లో బాకీల పేరుతో ఆ జమీందారీని తెల్ల ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. కొండల్లో శిస్తు వసూలు, కావలి ముఠాదార్ల చేతిలో ఉండేవి. అధికారులు మారేకొద్దీ ముఠాదార్ల హక్కులు తగ్గుతూ వచ్చాయి, రైతు మీద బరువు పెరుగుతూ వచ్చింది. 1845 నుంచి ఒకసారి, 1857-58లో మరోసారి ఇక్కడ తిరుగుబాట్లు జరిగాయి. తెల్లవాళ్ల కాగితాల్లో వాటిని పితూరీలు అన్నారు. పితూరీ అంటే ఫిర్యాదు అని కూడా అర్థం. ఫిర్యాదు వినేవాడు లేనప్పుడు అదే తిరుగుబాటు అయింది.

ఆ రోజుల్లో కూడా కొండల మీదికి పర్యటనలు ఉండేవి. అధికారి కొండ ఎక్కాలంటే ముందే కబురు వచ్చేది. గుడారాలు, పెట్టెలు, వంటసామాను, కొన్నిసార్లు అధికారినే మోయడానికి ఊరి మగవాళ్లు వెళ్లాలి. కోళ్లు, బియ్యం, పాలు ఊరే ఇవ్వాలి. దానికి పేరు వెట్టి. కూలి ఉండదు, ఉన్నా చేతికి రాదు. ఆ అధికారులు కొండల అందం గురించీ చల్లగాలి గురించీ రాసుకున్నారు. మోసినవాళ్ల భుజాల గురించి మనమే రాసుకోవాలి. కొండ పర్యటన అనే మాట విన్నప్పుడు మన పిల్లలు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే: బరువు ఎవరు మోశారు?

బయలు కాగితంలోకి ఎక్కిన రోజు

1879లో రంప పితూరీ మొదలైంది. మన్సబ్‌దారు వసూళ్లు, మన ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా కొత్త అబ్కారీ పద్ధతి, షావుకార్ల అప్పులు, పోలీసుల దౌర్జన్యం దానికి కారణాలు. చోడవరం దగ్గర మొదలైన తిరుగుబాటు గొలుగొండ కొండలకీ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. రేకపల్లిలో పోడు మీద పన్ను పెంచడం, కొన్నిచోట్ల పోడు కూడదనడం జనాన్ని కదిలించింది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దించవలసి వచ్చింది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో చనిపోయారు.

రెండేళ్లు తిరక్కుండానే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈ చట్టం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. దాని వల్ల బయలుకి ఏమైందో ఉండదు. చట్టం ప్రకారం ఒక ప్రాంతాన్ని రిజర్వు చేశాక అక్కడ పోడు కొట్టడం, నిప్పు పెట్టడం, అనుమతి లేకుండా పశువులు మేపడం నేరాలయ్యాయి. నిన్నటి దాకా అలవాటుగా చేసిన పనికి ఇవాళ జరిమానా పడింది. మేత అనే హక్కు మేత అనే అనుమతిగా మారింది. అనుమతి ఇచ్చేవాడు ఉన్నాక దానికి లంచం కూడా పుట్టింది.

ఇంకో సంగతి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి. బయలు ఖాళీ నేలలా కనబడుతుంది. దున్నిన చాళ్లు ఉండవు, గట్లు ఉండవు. కొలత గొలుసుతో వచ్చినవాడికి దున్నిన నేల సాగు, దున్నని నేల ప్రభుత్వానిది. ఊరంతా కలిసి వాడుకున్న నేలకి ఒక్కడి పేరు లేదు కాబట్టి అది ఎవరిదీ కాదని రాసుకున్నారు. రిజర్వులోకి పోనిది తర్వాతి లెక్కల్లో కొండ పోరంబోకు అయింది. అందరిదీ అయినందుకే ఎవరిదీ కాకుండా పోయిన నేల బయలు.

రోడ్డు ఎలా వచ్చింది

ఇవాళ నర్సీపట్నం నుంచి లంబసింగికి కారులో వెళ్లేవాళ్లు వంపు వంపుకీ ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఆ దారిని రోడ్డుగా చేయడానికి వందేళ్ల కిందట మన్యం జనం చేత పని చేయించారు. అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. రావలసిన కూలి ఇవ్వకుండా, రానన్నవాళ్లని కొట్టించి, భయపెట్టి పని చేయించాడని చరిత్రకారులు రాశారు. దీని మీద ఫిర్యాదులు వెళ్లాయి. ఫలితం రాలేదు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొరకి అతనితో విరోధం ఉంది. గంటందొర తమ్ముడు గాం మల్లుదొర. వీరు అల్లూరి సీతారామరాజుతో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు తీసుకున్నారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించారు. ఇది పాఠంలో ఉంటుంది. పాఠంలో ఉండనిది పటం. పిల్లల చేత పటం గీయించండి. మూడు స్టేషన్లనీ చుక్కలుగా పెట్టమనండి. వాటి మధ్య కొండల్ని గీయమనండి. వానాకాలం, ఆగస్టు నెల, గెడ్డలు పొంగే రోజులు. ఆ మూడు చోట్లకీ వరుసగా మూడు రోజుల్లో వెళ్లగలిగారంటే రోడ్డు మీద వెళ్లలేదు, సంత దారుల్లో, పశువుల దారుల్లో, బయళ్ల మీదుగా వెళ్లారు. ఆ దారులు ఏ సర్కారు పటంలోనూ లేవు. నడిచినవాళ్ల కాళ్లలో ఉన్నాయి.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్ దగ్గర జరిగింది కూడా ఇదే చెప్తుంది. పోలీసు దళం ఇరుకు దారిలో వస్తుంటే ముందు నడిచే భారతీయ సిపాయిల్ని దాటిపోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. పై నుంచి దారి మొత్తం కనబడే చోటు ఎంచుకోవడం, ఎవరిని వదలాలో ఎవరిని ఆపాలో ముందే నిర్ణయించుకోవడం వల్ల అది సాధ్యమైంది. వ్యూ పాయింట్ అనే మాటకి ఆ రోజుల్లో అర్థం అది.

తర్వాత మలబారు పోలీసులు వచ్చారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. ఊళ్లకి తిండి అందకుండా చేశారు, అన్నం పెట్టినవాళ్లని శిక్షించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని చంపారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఆ జూన్‌లో గంటందొర చనిపోయాడు. అంతకుముందే పట్టుబడిన మల్లుదొర జైలు శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కొండ మనిషి, తెల్లవాళ్ల జైలులో ఉన్న మనిషి, స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? సీతారామరాజు పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. దాంతోపాటు గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర, గోకిరి ఎర్రేసు పేర్లు కూడా తెలియాలి. దారి చూపించినవాళ్లు, అంబలి పోసినవాళ్లు, అందుకు దెబ్బలు తిన్న ఊళ్లు కూడా ఆ కథలో ఉన్నాయి. లంబసింగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం పెట్టాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మ్యూజియం లోపల బొమ్మలు పెడతారు. కొండ మీద దారులు మాత్రం మనమే పెట్టుకోవాలి.

చట్టం వచ్చాక

స్వాతంత్ర్యం తర్వాత 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. 1970లో దాన్ని గట్టిగా సవరించారు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోవడం చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలి, కాదని చూపించుకునే బాధ్యత అతనిది. ముఠాదారీ పద్ధతిని 1969 నిబంధనతో రద్దు చేశారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అనంతగిరి, బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకి లీజుకి ఇవ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది.

ఇది గనుల సంగతి కదా, బయలుతో పనేముంది అనుకోవద్దు. కొండ కింద బాక్సైటు ఉన్నప్పుడు గనుల వాడు వస్తాడు. కొండ మీద మేఘాలు ఉన్నప్పుడు గుడారాల వాడు వస్తాడు. ఇద్దరికీ కావలసింది నేలే. మన వాడి పేరు మీద కాగితం పెట్టి, వెనక డబ్బు పెట్టి నడిపే బినామీ వ్యాపారం కొత్తది కాదు. సోకుగా రిసార్టు అని పేరు పెట్టినంత మాత్రాన భూబదిలీ నిబంధన పక్కకి పోదు. కుర్రవాళ్లకి ఇది తెలిసి ఉండాలి, ఎందుకంటే సంతకం అడిగేది వాళ్లనే.

మేం పర్యాటకానికి వ్యతిరేకులం కాదు. ఊరి కుర్రవాడు దారి చూపించి నాలుగు డబ్బులు సంపాదిస్తే సంతోషమే. మన అక్కచెల్లెళ్లు కాఫీ, మిరియాలు, తేనె రోడ్డు పక్కన అమ్ముకుంటే సంతోషమే. కానీ ఒక పక్క బయలు దాకా కార్లు వెళ్లే రోడ్డు పడుతుంటే, ఇంకో పక్క నిండు గర్భిణిని డోలీ కట్టి గెడ్డలు దాటించే ఊళ్లు ఇంకా మన్యంలో ఉన్నాయి. వెట్టి రోజుల్లో అధికారిని మోశాం. ఇవాళ మన ఆడపడుచుని మనమే మోస్తున్నాం. రోడ్డు ఎవరి కోసం ముందు పడాలన్న ప్రశ్న 1922లో ఉంది, ఇవాళా ఉంది.

ప్రయాణం ఎలా సిద్ధం చేసుకోవాలి

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీ ఊరికి దగ్గరలోనే, జనం పెద్దగా వెళ్లని బయలు ఒకటి ఎంచుకోండి. పేరున్న చోటికి సెలవు రోజున వెళితే బళ్లూ జనమూ తప్ప ఏమీ కనబడవు, పిల్లలకి వినబడదు కూడా.

మొదట అనుమతి. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం ఎలాగూ కావాలి. వాటికి ముందు ఆ బయలు ఏ ఊరిదో ఆ ఊరి అనుమతి తీసుకోండి. బారిక ద్వారా కబురు పంపి, పెద్దల్ని కలిసి అడగండి. 1996 పెసా చట్టం ఊరి ఉమ్మడి వనరుల్నీ ఆచారాల్నీ కాపాడుకునే శక్తి గ్రామసభకి ఉందని గుర్తించింది. మనమే అడగకుండా వెళితే, బయటివాడు అడగలేదని అనే హక్కు మనకి ఉండదు. పెద్దలు ఒక రోజు వద్దంటే ఆ రోజు మానేయండి. పండుగ కావచ్చు, చావు కావచ్చు, దిసారి చెప్పిన కట్టుబాటు కావచ్చు. కారణం అడిగి తెలుసుకుని పిల్లలకి చెప్తే అది కూడా పాఠమే.

రెండోది కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గెడ్డలు నమ్మరాదు. పైన వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీరు వచ్చేస్తుంది. జలగలు, దోమలు ఎక్కువ. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలిసె పూల రోజుల్లో వెళితే కొండవాలు పసుపు రంగులో ఉంటుంది. అయితే వలిసె చేను ఒకరి ఇంటి నూనె. ఫొటో కోసం చేలోకి దిగకూడదని బయలుదేరే ముందే చెప్పండి. ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రోజుల్లో మంట వేయవద్దు.

మూడోది మనుషులు. ఇరవై, ఇరవై అయిదుమంది పిల్లలకి మించవద్దు. ముగ్గురు పెద్దవాళ్లు ఉండాలి: ముందు ఒకరు, మధ్యలో ఒకరు, చివర ఒకరు. ఆడపిల్లలు ఉంటే ఉపాధ్యాయిని తప్పనిసరి. ముందు నడిచేది ఉపాధ్యాయుడు కాకుండా ఆ ఊరి కాపరి అయితే మంచిది. ఆ రోజు ఆయన లేదా ఆమె మన గురువు. వాళ్ల రోజు కూలి పోతుంది కాబట్టి కూలి కట్టి ఇవ్వండి. ఈ దారి మీద కూలి ఇవ్వకుండా పని చేయించుకున్న చరిత్ర మనకి తెలుసు కదా.

నాలుగోది సామాను. పొద్దున చలి ఉంటుంది, మధ్యాహ్నం ఎండ ఉంటుంది, కాబట్టి ఒక దుప్పటి లేదా స్వెటర్, తలకి గుడ్డ. తాగే నీళ్లు ఇంటి నుంచే. సొరకాయ బుర్రలో చోడి అంబలి పట్టుకెళితే ఆకలీ దాహమూ రెండూ తీరతాయి. అన్నం అడ్డాకుల్లో కట్టుకోండి. చిప్స్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు వద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు, దెబ్బలకి కట్టుకునే గుడ్డ, మందు, టార్చిలైటు, ఒక తాడు ఉండాలి. కొండ మీద ఫోను సిగ్నల్ అందకపోవచ్చు. ఎక్కడి దాకా అందుతుందో, దగ్గరలో ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం చేయకుండా, కరిచిన కాలు కదలకుండా పెట్టి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బయలుదేరే ముందు ఎన్ని గంటలకి తిరిగి వస్తామో ఊళ్లో ఒకరికి చెప్పాలి. మంచు కాస్త విడిచాక ఎక్కి, మూడు గంటలలోపు దిగడం మొదలుపెట్టాలి.

అయిదోది నడవడిక. ఊటలో చేతులూ కాళ్లూ కడగవద్దు, కింద ఊరు ఆ నీళ్లే తాగుతుంది. శంకుదేవుడి రాయి, జాకరమ్మ చెట్టు దగ్గర చెప్పులు విప్పండి, ఫొటో తీయవద్దు. దారి ఫోనులో అందరికీ కనబడేలా పెట్టవద్దు. ఇది పిల్లలకి కష్టంగా ఉంటుంది, అందుకే కారణం చెప్పాలి. ఒక్క ఫొటోతో పేరు పాకిన చోట్లు ఎలా అయ్యాయో వాళ్లే చూశారు: సీసా పెంకులు, పశువు కడుపులోకి పోయే ప్లాస్టిక్ సంచులు. ఈ వ్యాసంలో కూడా ఏ చిన్న బయలు పేరూ మేం రాయలేదు.

ఏం రాసుకుని రావాలి

ఇంత సిద్ధపడి వెళ్లి, ఊరికే చూసి రావడం మన పిల్లలకి సరిపోదు. ఒక్కొక్క జట్టుకి ఒక్కొక్క పని ఇవ్వండి. ఒక జట్టు దారి పటం గీయాలి: ఊరు, గెడ్డ, ఊట, బరువు దించే రాయి, పొలిమేర రాయి, ఎక్కడెక్కడ ఎన్నెన్ని అడుగులు. ఒక జట్టు ఆ చోట్ల పేర్లు రాయాలి, తెలుగులో ఎలా అంటారో, కువిలోనో కోయలోనో ఆదివాసీ ఒడియాలోనో ఎలా అంటారో. ఒక జట్టు గడ్డి రకాలు, దుంపలు, మందు మొక్కలు, ఏ నెలలో ఎవరు వచ్చి తెచ్చుకుంటారో రాయాలి. ఇంకో జట్టు పెద్దల మాట రాయాలి: ఈ బయలులో ఎవరి పశువులు మేసేవి, ఎప్పటి నుంచి, ఎవరు ఆపారు, ఎప్పుడు ఆపారు.

ఇది బడి ప్రాజెక్టు మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం మేత, నీరు, చిన్న అటవీ ఉత్పత్తుల మీద ఊరి ఉమ్మడి హక్కుని గుర్తించింది. సంప్రదాయ సరిహద్దుల్లో ఉన్న అడవిని కాపాడుకునే హక్కు కూడా ఇచ్చింది. ఒక్కరి సాగు భూమికి ఫారం ఏ, ఉమ్మడి హక్కులకి ఫారం బి, ఊరి ఉమ్మడి అడవి వనరుకి ఫారం సి. మన దగ్గర చాలా ఊళ్లలో ఏ గురించి మాట్లాడినంతగా మిగిలిన రెండింటి గురించి మాట్లాడరు. పట్టా ఒక్కరి పేరున వస్తుంది కాబట్టి దాని కోసం తిరుగుతాం. బయలు కోసం తిరిగేవాడు ఉండడు.

ఆ చట్టం నిబంధనల్లో సాక్ష్యంగా ఏవి చూపవచ్చో చెప్పారు. పెద్దలు చెప్పగా రాసుకున్న మాట సాక్ష్యం. సంప్రదాయంగా పశువులు మేపిన బీళ్లు సాక్ష్యం. దుంపలు, మేత తెచ్చుకునే చోట్లు, పవిత్రమైన చెట్లు, తోపులు, శ్మశానాలు సాక్ష్యం. అంటే పిల్లలు రాసుకొచ్చిన ఆ కాగితాల్లో ఉన్నవే. 1882లో కాగితం లేదని పోయిన బయలుకి ఇవాళ కాగితం తయారు చేయగలిగే పని మన బడి పిల్లల చేతిలో ఉంది. పిల్లలు రాసింది నేరుగా దరఖాస్తు అయిపోదు. అది గ్రామసభ ముందుకి రావాలి, అటవీ హక్కుల కమిటీ సరిచూడాలి, పెద్దలు సంతకాలో వేలిముద్రలో వేయాలి. కానీ మొదలు పెట్టడానికి కావలసినది అక్కడ ఉంటుంది.

కాబట్టి బయలు నుంచి దిగి వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. వారం లోపల పటం మంచి కాగితం మీద మళ్లీ గీయించండి. పెద్దలు చెప్పిన మాటలు వాళ్లకే చదివి వినిపించి, తప్పులు దిద్దించండి. రెండు నకళ్లు తీసి ఒకటి బడిలో, ఒకటి ఊళ్లో ఉంచండి. తర్వాతి గ్రామసభ రోజున ఆ పిల్లల్లో ఒకరి చేత, పెద్ద గొంతుతో, బయలు పేరుతో మొదలుపెట్టి చదివించండి.